కొర్ర, దాని జ్ఞాతులు

వానకాలం ముగిసే రోజులలో జమ్మలమడుగు ప్రాంతపు చేలగట్ల వెంట నడిచి ఇల్లు చేరినవారెవరైనా గడపలో అడుగుపెట్టడానికి ముందు ఒక పని చేయక తప్పదు. పంచె అంచుకో, చీర కుచ్చెళ్లకో అంటుకొని వచ్చిన గడ్డికంకులను వంగి ఒక్కొక్కటే పీకి పారవేయాలి. చేతితో దులిపితే అవి రాలవు. దులిపిన చేతి చొక్కాను పట్టుకుంటాయి. గట్టుమీద ఉన్నప్పుడు కూడా ఈ కంకులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని చిక్కుపడి ఉంటాయి. దీనికి ఊరూరా పేరు మారుతుంది గనుక ఈ ప్రసంగం వరకు దీనిని అంటుగడ్డి అని పిలుచుకుందాము. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు సెటేరియా వర్టిసిలేటా. మనము అన్నంగా వండుకొనే కొర్రకు వారు పెట్టిన పేరు సెటేరియా ఇటాలికా. ఇంటిపేరు ఒకటే. చేనిలో విత్తిన కొర్రా, గట్టుమీద విత్తకుండానే మొలిచిన అంటుగడ్డీ ఒకే వంశంలోని జ్ఞాతులు.

ఈ జ్ఞాతుల కథను ఈ పూట శ్రోతలకు వినిపించదలచినాము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలవారికి ఇది పరాయి కథ కాదు. ఈ గడ్డి వంశపు చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం వారి పొలాల కిందనే పూడి ఉన్నది. అది బయటపడినది ఈ శతాబ్ది ఆరంభంలోనే.

మొదట వంశం సంగతి. గడ్డి కుటుంబంలో సెటేరియా అనే ప్రజాతిని 1812లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు పాలిసో ద బోవా వేరుచేసి నిలిపినాడు. లాటిన్ భాషలో సీటా అంటే బిరుసు వెంట్రుక. ఉష్ణదేశాలలోనూ, వాటికి చేరువనున్న సమశీతోష్ణ దేశాలలోనూ కలిపి ఈ ప్రజాతిలో నూరుకు పైగా జాతులున్నాయి. వాటన్నిటి కంకులకూ ఈ వెంట్రుకలే గుర్తు. కొర్రకంకిని దగ్గరగా చూచినవారికి గింజల గుత్తుల నడుమ నుండి సన్నని వెంట్రుకలు బయటికి పొడుచుకొని రావడం తెలిసే ఉంటుంది. దూరంనుంచి చూస్తే కంకి నక్కతోకవలె కనిపించడానికి కారణం అదే. ఇంగ్లీషువారు కొర్రను నక్కతోక ధాన్యమని పిలిచినారు. మన పల్లెలలోనూ పొలాల్లో మొలిచే అడవిజాతి ఒకదానికి నక్కకొర్ర అనే పేరున్నది. ఒకరి మాట ఒకరు వినకుండానే రెండు భాషలవారికీ నక్కే తోచడం వింతగా ఉన్నది.

బార్లీ గింజకుండే ముల్లు వంటిది కాదు ఈ వెంట్రుక. బార్లీ ముల్లు గింజ పొట్టులోనుంచి పుడుతుంది. కొర్ర వెంట్రుక నిజానికి గింజ కట్టకుండా గొడ్డుపోయిన ఒక చిన్న కొమ్మ. గింజ రాలిపోయినా ఇది కంకి కాడను విడిచిపెట్టదు. సజ్జకంకిలోనూ ఇటువంటి వెంట్రుకలే ఉంటాయి గాని, అడవి సజ్జజాతులలో గింజతోపాటు వెంట్రుకల గుత్తి కూడా ఊడి పడిపోతుంది. గడ్డిని శాస్త్రీయంగా గుర్తించేవారు ఈ రెండు వంశాలనూ విడదీసి చూపేది ఈ ఒక్క లక్షణంతోనే.

మన శ్రోతల ఇళ్లలోని పిల్లలు చేసి చూడదగిన చిన్న పరీక్ష ఒకటి చెబుతాము. నక్కకొర్ర కంకిని ఒకదానిని, అంటుగడ్డి కంకిని ఒకదానిని తెచ్చి వేళ్ల నడుమ పట్టుకోండి. నక్కకొర్ర కంకిని మొదలునుంచి కొనకు నిమిరితే నునుపుగా సాగుతుంది. కొననుంచి మొదలుకు నిమిరితే గరుకుగా తగులుతుంది. అంటుగడ్డి దీనికి సరిగా తలక్రిందులు: మొదలునుంచి కొనకు నిమరబోతే వేళ్లను పట్టేస్తుంది. ప్రతి వెంట్రుకమీదా కంటికి ఆనని రంపపు పళ్లుంటాయి. వంశంలో తక్కిన జాతులకు సాధారణంగా ఆ పళ్లు పైకి చూస్తుండగా, అంటుగడ్డికి మాత్రం క్రిందికి చూస్తుంటాయి. దారిన పోయే మనిషి, మేక, కుక్క దేనినైనా పట్టుకొని వేరొక చోటికి ప్రయాణం చేయడానికి దానికి ఆ పళ్లే బండి. లేతగా ఉన్నప్పుడు పశువులు దీనిని మేస్తాయి. ముదిరి కంకి గట్టిపడినాక ఈ జాతుల వెంట్రుకలు పశువుల నోటిలో గుచ్చుకొని పుండ్లు పడిన సందర్భాలున్నాయి గనుక, ఎండుగడ్డిలో ఇవి ఎక్కువగా కలిసి ఉంటే ఏరివేయడం మంచిది.

వంశంలో తక్కినవారిని గురించి వివరంగా చెప్పడానికి వ్యవధి లేదు. తాటియాకువలె మడతలుపడిన వెడల్పాటి ఆకులున్న సెటేరియా పామిఫోలియా అనే జాతి చిగుళ్లను న్యూగినీ కొండప్రజలు కూరగా వండుకుంటారు. ఆఫ్రికానుంచి వచ్చిన సెటేరియా స్ఫాసెలేటా పశుగ్రాసంగా పేరుపొందినది. అందులో ఆక్సలేటు పాలు ఎక్కువ కాబట్టి గుర్రాలను దానిమీదనే మేపితే ఎముకలు చెడుతాయి. కెన్యా దేశంలో నంది అనే ప్రాంతంనుంచి వచ్చిన ఈ గ్రాసపు రకానికి నంది అనే పేరే పెట్టినారు. మన నంద్యాల పరిశోధనా కేంద్రంవారు ఇచ్చిన కొర్ర రకానికి సూర్యనంది అని పేరు. నంద్యాల చుట్టూ ఉన్న నవనందులలో సూర్యనంది ఒకటి. దేశాలు వేరు, నందులు వేరు, ఆ నందికీ ఈ నందికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఒకే గడ్డి వంశంలో ఇద్దరు నందులు చేరడం చూచి మేము నవ్వుకున్నాము.

అండుకొర్ర సంగతి కూడా ఇక్కడనే చెప్పాలి. పేరులో కొర్ర ఉన్నా అది ఈ వంశంలోనిది కాదు. శాస్త్రజ్ఞులు దానిని బ్రాకియేరియా రామోసా అని వేరొక ప్రజాతిలో చేర్చినారు. అనంతపురం జిల్లాలోనూ, దానికి ఆనుకొని ఉన్న కర్ణాటక జిల్లాలలోనూ దానిని ఇప్పటికీ విత్తుతారు. దీని పేరు కొంతసేపటిలో మళ్లీ వస్తుంది.

ఇక కొర్ర. దాని పేరు చివర ఇటాలికా అని ఉన్నంతమాత్రాన అది ఇటలీలో పుట్టినదని అనుకోరాదు. 1753లో లినీయస్ పేరు పెట్టేటప్పటికి ఐరోపావారికి అది ఇటలీ పంటగా తెలుసు, అంతే. కొర్రకు పుట్టినిల్లు ఉత్తర చైనా. అక్కడి సీషాన్ వంటి ప్రాచీన గ్రామాలలో ఎనిమిదివేల ఏండ్లకు పూర్వమే చిరుధాన్యాలను పండించి గోతులలో నిల్వచేసినారు. సెటేరియా విరిడిస్ అనే అడవిజాతినుంచి కొర్రను మనుషులు తయారుచేసినారని శాస్త్రజ్ఞులు నిర్ధారించినారు. 2012లో కొర్ర జన్యుపటం మొత్తం ప్రకటితమైనది. తక్కువ నీటితో, ఎక్కువ ఎండలో ఆహారం తయారుచేసుకోగల మొక్కల రహస్యాన్ని తెలుసుకోవడానికి నేడు ప్రపంచంలోని ప్రయోగశాలలు ఆ విరిడిస్ జాతినే పెంచి చూస్తున్నాయి.

గడ్డి పంటగా ఎలా మారుతుంది? ఇది తెలుసుకోదగిన విషయం. అడవిగడ్డికి కావలసినది గింజను నేలమీద చల్లడం. అందుకని గింజ పండగానే కాడనుంచి జారి రాలిపోతుంది. ఒకే కంకిలో పైగింజ రాలుతుండగా క్రిందిగింజ ఇంకా పాలు పోసుకుంటూ ఉంటుంది. మనిషికి కావలసినది దీనికి విరుద్ధం. పండిన గింజ కొడవలి వచ్చేవరకు కంకిని అంటిపెట్టుకొని ఉండాలి, కంకి అంతా ఒక్కసారి పండాలి. ఎప్పుడో కొన్ని మొక్కలలో గింజ రాలే గుణం లోపించినది. అడవిలో అది లోపమే. కోసుకొని ఇంటికి తెచ్చి, మరుసటి ఏడు ఆ గింజలనే విత్తే మనిషి చేతిలో ఆ లోపమే గుణమైనది. తరతరాలుగా అలా ఏరగా ఏరగా పిడికెడు లావు, జానెడు పొడవు ఉన్న కొర్రకంకి వచ్చినది. దానికి బదులుగా కొర్ర తన స్వాతంత్ర్యాన్ని పోగొట్టుకున్నది. మనిషి విత్తకపోతే అది తనంతట తాను ఏండ్ల తరబడి బ్రతకలేదు. అంటుగడ్డికి ఆ బెంగ లేదు.

కొర్ర మన దేశానికి వచ్చి ఎంతకాలమైనదో గాని, సంస్కృతంలో ప్రియంగువు, కంగువు అనే పేర్లు దానికి స్థిరపడినాయి. కన్నడిగులు నవణె అంటారు. తమిళంలో తినై. సంగకాలపు తమిళ కవులు కొండవాలు చేలలో చిలుకలను తోలుతూ తినై పంటకు కావలి కాసే కన్యలను వర్ణించినారు. సుబ్రహ్మణ్యస్వామి వల్లీదేవిని చూచినది అటువంటి చేనికాపు మంచెమీదనే అని వారి పురాణకథ. నేడు ఐరోపా, అమెరికా దేశాలలో కొర్రకంకులను కట్టలు కట్టి అంగళ్లలో అమ్ముతున్నారు, పంజరంలోని చిలుకలకు ఆహారంగా. ఒకనాడు చిలుకను తోలడానికి వడిసెల పట్టుకున్నారు, ఇప్పుడు చిలుక కోసమే కంకి కొంటున్నారు.

ఇప్పుడు కడప జిల్లాకు వద్దాము. జమ్మలమడుగుకు ఉత్తరాన కుందూ నది ప్రాంతంలో పెద్దముడియం అనే ఊరున్నది. చరిత్ర చదివినవారికి ఈ ఊరు కొత్తది కాదు. తూర్పు చాళుక్యుల శాసనాలలో వచ్చే ముడివేము అగ్రహారం ఇదేనని చరిత్రకారులు గుర్తించినారు. భర్తను పోగొట్టుకొని గర్భవతిగా ఉన్న రాణికి విష్ణుభట్ట సోమయాజి ఇక్కడ ఆశ్రయమిచ్చినాడని, ఆమె కుమారుడే చాళుక్య వంశాన్ని మళ్లీ నిలిపినాడని ఆ శాసనాలు చెప్పే కథ. కాని మేము చెప్పబోయేది ఆ రాణికి రెండువేల ఏండ్లకు పైబడి ముందు అక్కడ కాపురమున్న పేరులేని జనం సంగతి.

దక్షిణాపథంలో క్రీస్తుకు పూర్వం సుమారు 2800 నుంచి 1200 వరకు నవీన శిలాయుగపు ప్రజలు నివసించినారు. నునుపు చేసిన రాతిగొడ్డళ్లు వారి పనిముట్లు. ఇప్పటికీ పొలాల్లో అవి దొరికితే పిడుగురాళ్లని దాచుకొనే రైతులున్నారు. ఆవులు, ఎద్దులు, మేకలు, గొర్రెలు వారి సంపద. బళ్లారి, అనంతపురం ప్రాంతాలలో బూదిదిబ్బలని పిలిచే గుట్టలు వారు పేడకుప్పలను కాల్చగా మిగిలినవే. వారు పశువులను మేపినారని చాలాకాలంగా తెలుసు. ఏమి పండించి తిన్నారన్నది మాత్రం సరిగా తెలియదు. ఎముక నిలుస్తుంది, రాయి నిలుస్తుంది, గింజ నేలలో కుళ్లిపోతుంది గదా.

కుళ్లకుండా నిలిచే గింజ ఒకటున్నది. పొయ్యిలో పడి బొగ్గయిన గింజ. పురావస్తు శాస్త్రజ్ఞులు పాతదిబ్బల మట్టిని తెచ్చి నీటిలో కలుపుతారు. మట్టి అడుగుకు దిగుతుంది, తేలికయిన బొగ్గుగింజ పైకి తేలుతుంది. దానిని సన్నని జల్లెడతో పట్టి ఆరబెట్టి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, గింజ ఆకారాన్ని, పొట్టుమీది గరుకును చూచి ఏ గడ్డిదో తేల్చుతారు. మన ఇళ్లలో బియ్యం కడిగేటప్పుడు పొల్లు తేలడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. ఈ పద్ధతిని రవి కొరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య, ఇంగ్లండునుంచి వచ్చిన డోరియన్ ఫుల్లర్, వారి సహచరులు దక్షిణాదిలోని అనేక ప్రాచీన స్థలాలలో ప్రయోగించి, 2001లోనూ 2004లోనూ ఫలితాలను ప్రకటించినారు. ఆ స్థలాల జాబితాలో కడప జిల్లాలోని పెద్దముడియం, హనుమంతరావుపేట ఉన్నాయి.

తేలిన గింజలేవి? ఉలవ, పెసర ఉన్నాయి, అవి మనకు తెలిసినవే. ధాన్యాలలో ఈ సంస్కృతికి ముఖ్యమైనవి రెండని వారు తేల్చినారు. ఒకటి ఇందాక మేము పేరు చెప్పి ఆపిన అండుకొర్ర. రెండవది అంటుగడ్డి.

పంచె అంచునుంచి పీకి పారవేసే ఆ గడ్డే. వరి ఇక్కడికి రాకముందు, జొన్న ఆఫ్రికానుంచి వచ్చి మన రేగడిలో కుదురుకోకముందు, చైనాలో పుట్టిన కొర్ర ఇక్కడి ముఖ్యాహారం కాకముందు, దక్షిణాపథపు తొలి సేద్యగాండ్ర పొయ్యిలో ఉడికిన గింజలలో అది ఒకటి. ఉత్తరదేశంనుంచి గోధుమ, యవలు వచ్చి చేరిన గ్రామాలు కూడా ఉన్నాయి గాని, రోజువారీ కూడు వానకు మొలిచే ఈ స్థానికపు గడ్డిగింజలే. దక్షిణ భారతంలో వ్యవసాయం వేరొకచోటనుంచి అరువు తెచ్చుకున్నది కాదని, తనకై తాను పుట్టి ఉండవచ్చునని ఆ పరిశోధకులు వాదించడానికి ఈ గింజలే ఆధారం. ఆ వాదంలో నేటి కడప జిల్లా పొలాలు సాక్ష్యం చెబుతున్నాయి.

తరువాత అంటుగడ్డి ఏమైనది? పెద్దగింజ పంటలు రావడంతో దానిని విత్తేవారు లేకపోయినారు. దాని జ్ఞాతి అయిన కొర్ర చేనిలోకి వచ్చినది, అది గట్టుమీదికి పోయినది. అక్కడినుంచి మళ్లీ చేనిలోకి రావడానికి ప్రతి ఏడూ ప్రయత్నిస్తున్నది, మనము కలుపు అని పీకుతున్నాము. ఒక ధాన్యం పంటస్థానంనుంచి కలుపుస్థానానికి జారిపోయిన ఈ కథను ఇంత వివరంగా చెప్పడానికి కారణమున్నది. కొర్ర కూడా ఇదే నేలమీద చేనినుంచి వెళ్లిపోయే దారి పట్టడం ఒక తరం వారు కళ్లారా చూచినారు.

పూర్వం దత్తమండలాల నల్లరేగడిలో కొర్రకు పత్తితో పొత్తు ఉండేది. ముంగారు వానలకు కొర్రనూ పత్తినీ కలిపి విత్తేవారు. కొర్ర మూడు నెలలలో ఇంటికి వస్తుంది, పత్తి చేనిలో నిలిచి తరువాత చేతికి వస్తుంది. కొర్ర కూటికి, పత్తి శిస్తుకూ బట్టకూ. ముంగారి పత్తి అనే రకానికి ఆ పేరు వచ్చినది ఈ అదనునుంచే. ఆ పత్తి ప్రొద్దుటూరు వంటి బజారులకు చేరేది, కొర్ర గాదెకు చేరేది. పొట్టు తీయని కొర్ర ఏండ్ల తరబడి పురుగుపట్టకుండా నిల్వ ఉంటుంది. 1876-78 నాటి మహాక్షామాన్ని చూచిన ఈ సీమలో ఆ గుణం విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. పులివెందుల వైపు ఎర్రనేలలలోనూ, గుట్టల అంచుల పలుగురాతి చేలలోనూ కొర్రకు తోడు కంది. ఐదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది అనే లెక్కను నేటి శాస్త్రజ్ఞులు సైతం సిఫారసు చేస్తున్నారు.

ఈ ఏర్పాటు ఒక్కనాడు చెడలేదు. ఎర్రనేలలను వేరుశనగ ఆక్రమించినది. నూనెగింజకు రొక్కం వస్తుంది, కొర్రకు రాదు. పిదప బోర్లు పడినచోట చీనీ, అరటి తోటలు వచ్చినవి. కర్నూలు-కడప కాలువ క్రింద వరి ఎప్పటినుంచో ఉన్నదే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చినాక, మెట్టపల్లెలలో సైతం ప్రతి పొయ్యిమీదికీ వరియన్నం ఎక్కినది. ఇందుకు ఎవరినీ తప్పుపట్టలేము. పండుగనాడు మాత్రమే తెల్లన్నం తిన్న ఇంటికి అది రోజూ దొరికితే వద్దనేవారెవరు? అంతేకాక కొర్రను దంచడమంటే ఆడవారి రెక్కలు విరిగే పని. తెల్లవారుజామున రోకలి పట్టుకున్న చేతులకు రేషన్ బియ్యం ఒక విముక్తి. కొర్ర పోయినదని విచారించేవారు ఈ మాట మరువరాదని మా అభిప్రాయం. 1990ల తరువాత రేగడి చేలలో బుడ్డశనగ విస్తరించినది. జమ్మలమడుగు, పెద్దముడియం, రాజుపాలెం వైపు చలికాలంలో ప్రయాణం చేసినవారికి కనుచూపుమేర శనగచేలే కనిపిస్తాయి.

ఆ వైపు ఒక గ్రామంలో మేము ఒక వృద్ధురాలిని, "అవ్వా, కొర్రలు విత్తుతారా ఈ ఊరిలో?" అని అడిగినాము.

"యాడ నాయనా? నేను పిల్లప్పుడు దినామూ కొర్రబువ్వే. తెల్లబియ్యం చూస్తే మాకు పండగ. ఇప్పుడు నా మనమనికి చక్కెర జబ్బొచ్చిందని డాకటరు చెప్తే, పొద్దుటూర్లో పొట్లం కట్టినవి కొనకొస్తాండారు" అన్నది.

"విత్తనం ఏమైనా దాచినారా?"

"విత్తనం యాడిది నాయనా, గాదే లేకపాయె!"

రైతు ఇంటిలో అన్నంగా ఉన్నది రోగి ఇంటిలో పథ్యంగా మారినది. వెల కూడా ఆ మేరకే మారినది. 2018లో భారత ప్రభుత్వం చిరుధాన్యాలను పోషకధాన్యాలని ప్రకటించినది. మన దేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినది. పట్టణాలలో కొర్రకు గిరాకీ పెరిగిన మాట నిజం. కొర్రలో మాంసకృత్తులు నూటికి సుమారు 12 పాళ్లు, తెల్లబియ్యంలో సుమారు 7. పీచు విషయంలో పోలికే లేదు. అయితే పొట్లాలలో వచ్చే కొర్రబియ్యం కొన్ని మరీ తెల్లగా మెరుస్తుంటాయి. మరలో ఎక్కువగా పాలిష్ పట్టి తవుడంతా తీసివేస్తే కొర్రకూ తెల్లబియ్యానికీ మిగిలే తేడా కొద్దిపాటిదే. తవుడుతో ఉన్న కొర్రబియ్యంలో నూనె అంశం వల్ల త్వరగా ముక్కవాసన వస్తుంది కనుక వర్తకులు తవుడును ఇష్టపడరు. పాతకాలపు గృహిణులు పొట్టుతో గాదెలో పోసి, వారానికి కావలసినంతే దంచుకోవడంలోని యుక్తి ఇదే. చక్కెర వ్యాధి ఉన్నవారు కొర్ర తింటున్నామని మందులు మానరాదు. ఎంత తినవలెనో తమ వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

శనగ వచ్చిన చేనిలో కొర్రకు చోటు లేదా అని రైతులు అడుగుతారు. ఉన్నదని నంద్యాల పరిశోధనా కేంద్రం చెబుతున్నది. శనగను విత్తేది అక్టోబరులో గాని, నవంబరు మొదటి పక్షంలో గాని. అంతవరకు జూన్‌నుంచి రేగడి చాలాచోట్ల బీడుగా ఉంటుంది. జూన్, జూలై వానలకు కొర్ర విత్తితే ఎనభై, తొంభై రోజులలో కోతకు వస్తుంది. దాని వెనుకనే శనగ వేయవచ్చు. కొర్ర వేస్తే నేలలో పదును తగ్గి శనగ దెబ్బతింటుందని కొందరు రైతుల భయం. ఆ భయం నిరాధారమైనది కాదు. ముంగారు ఆలస్యమై విత్తనం ఆగస్టుకు జరిగిన ఏడు, లేక కోత తరువాత వాన లేని ఏడు, అది నిజం కావచ్చు. అందుకని పదెకరాలున్నవారు మొదటి ఏడు రెండెకరాలలో చేసి చూచుకోవడం మేలు. కొర్ర రకాలలో సూర్యనందితోపాటు ఎస్.ఐ.ఏ. 3085, 3156 అనే అంకెలు గలవి కూడా ఈ ప్రాంతానికి నంద్యాలనుంచి వచ్చినవే. అంతకు పూర్వం విడుదలైన రెండు రకాలకు కృష్ణదేవరాయ, నరసింహరాయ అని విజయనగర ప్రభువుల పేర్లు పెట్టినారు. పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ విత్తన భాండాగారంలో ప్రపంచం నలుమూలలనుంచి తెచ్చిన కొర్ర నమూనాలు 1,500కు పైగా భద్రంగా ఉన్నాయి. అవ్వ గాదెలో లేనిది అక్కడ ఉన్నదని సంతోషించవచ్చు గాని, అక్కడినుంచి పిడికెడు గింజలు ఊరిలో చేనికి రావడానికి చాలా దూరమున్నది.

విత్తదలచినవారికి కొన్ని మాటలు. ఎకరాకు రెండు కిలోల విత్తనం చాలును. గింజ సన్నం కాబట్టి ఇసుకతో కలిపి గొర్రు జడ్డిగంలో పోస్తే సాళ్లలో సమంగా పడుతుంది. సాలుకూ సాలుకూ నడుమ జానెడు ఎడం ఉండాలి. లోతుగా విత్తరాదు. మొలిచిన రెండు, మూడు వారాలకు ఒత్తు తీయాలి. అగ్గితెగులు, వెర్రికంకి తెగులు దీనికి ముఖ్య శత్రువులు. వెర్రికంకి పట్టిన మొక్కలో గింజలకు బదులు ఆకుల కుచ్చు వస్తుంది. అటువంటి మొక్కలను కనబడగానే పీకి కాల్చివేయాలి. విత్తనానికి చేనిలో కంకులున్నప్పుడే తెగులు లేని, నిండుగా పాలుపోసుకున్న కంకులను ఎంచి గుర్తుపెట్టుకోవాలి. కళ్లంలో రాశిపోసినాక ఏరడం కుదరదు.

ఇక కలుపుతీత. నక్కకొర్ర, అంటుగడ్డి రెండూ కొర్రచేనిలో మొలుస్తాయి, జ్ఞాతులు గనుక లేతలో కొర్రవలెనే ఉంటాయి. సాలులో ఉన్నది కొర్ర, సాళ్ల నడుమ ఉన్నది కలుపు అని గుంటక తోలి తేల్చవచ్చు. సాలులోనే మొలిచినదానిని ఆకు మొదలు విడదీసి చూడాలి. అక్కడ పొడవాటి వెంట్రుకలు పలుచగా కనబడితే అది నక్కకొర్ర. కొర్రకు ముందుగా ఈనిక వేసే మొక్కలను కూడా అనుమానించాలి. కంకి బయటికి వచ్చి మొదలునుంచి కొనకు నిమిరినప్పుడు వేళ్లను పట్టేదయితే, గింజ గట్టిపడకముందే పీకి గట్టుకు దూరంగా వేయండి. పీకినవారు ఇంటికి పోయేముందు పంచెను ఒకసారి చూచుకోవాలి.